నా ఒంటి సంగతి నాకే చెప్పలేదు

మా పాప ఆద్యకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. రెండో తరగతి. తోటిపిల్లలు పేజీ చదివేసి ఆటకు పోయే వేళకు తను రెండో వాక్యం దగ్గర వేలు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. లెక్కల్లో ఇరవై దాటితే దారి తప్పుతుంది. పాట మాత్రం ఒకసారి వింటే మరవదు. ఒకసారి చూసిన మనిషినీ మరవదు. "కాస్త టైమిస్తే చేస్తుందండీ" అంటుంది వాళ్ల క్లాసు టీచరు. ఆమె ఇస్తోంది, నేనూ ఇస్తున్నాను. పాప దగ్గర్నుంచి ఆ టైము ఎట్లా పోయిందో రాయగలిగేంత నిబ్బరం నాకు ఈ మధ్యే వచ్చింది.

నాకు వచ్చిన జబ్బు జనం భయపడే పేరున్న జబ్బు కాదు. ఒంట్లో ఒక విటమిన్, బి-ట్వెల్వ్ అంటారు, దాదాపు లేకుండా పోయింది. ఆ లోటుతోనే పాపను మోశాను, ఆ లోటుతోనే పాలిచ్చాను. సూదిమందుతో తీరిపోయే లోటు. తీరనివ్వలేదు. అది నాకు దొరకని మందేమీ కాదు. నాకు చెప్పని మాట, అంతే.

2011, వానాకాలం

మాది జనగామ దగ్గర ఊరు. నా చిన్నతనంలోనే నాన్న పోతే అమ్మా, అన్న మల్లేశమూ నన్ను చదివించారు. అన్న ఆర్టీసీ డ్రైవరు. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరాను. రఘు అక్కడే పరిచయమయ్యాడు. వాళ్లది ప్రొద్దుటూరు. గొంతు పెంచకుండా మాట్లాడతాడు, అడగకముందే పక్కవాళ్ల పని అందుకుంటాడు. పెళ్లి చేసుకుంటామంటే అమ్మ ఏడ్చింది. అన్న కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత పెళ్లికి వచ్చి పనులన్నీ తనే చేశాడు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరాక అన్న ఫోన్ చేస్తే మాట ఎక్కడ మొదలైనా అక్కడికే వచ్చేది.

"మీ ఆయన ఏమంటుండు? రాష్ట్రం ఇయ్యొద్దంటుండా?"

"ఆయనకు గివన్నీ పట్టవన్నా. ఆఫీసు, ఇల్లు, గంతే."

"పట్టకుంటే మంచిదే. నువ్వు మాత్రం జర జూస్కో చెల్లె."

ఆ 'జర జూస్కో' వింటే నాకు ఒళ్లు మండేది. ఏం చూసుకోవాలన్నా, నా మొగుడు నన్ను అమ్ముకుంటాడా అని ఒకసారి గట్టిగానే అడిగాను. అన్న ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చాలాకాలం చేయలేదు. ఆఫీసులో క్యాంటీన్ బల్లల దగ్గర జనం అటొక గుంపు ఇటొక గుంపు అవుతున్న రోజులవి. నేను మాత్రం రఘు పక్కనే కూర్చునేదాన్ని. అది నాకు గర్వంగా కూడా ఉండేది.

వాళ్లింట్లో మాంసం, గుడ్డు లేవు. పెళ్లితోనే నేనూ మానేశాను, ఎవరూ బలవంతం చేయలేదు. పెళ్లయిన ఏడాదికి రఘుకు నడుంనొప్పి పట్టుకుంది. ఎవరో చెబితే కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో ఆదివారాలు జరిగే ప్రకృతి జీవన తరగతులకు వెళ్లాడు. వచ్చేవాళ్లు చాలావరకు మాలాంటి ఉద్యోగులే. నడిపే పెద్దాయనను అందరూ గురువుగారు అనేవాళ్లు. ఉప్పు, నూనె, పాలు, మాత్రలు ఇవన్నీ ఒంటికి పరాయివని, ఒంటిని దాని మానాన వదిలితే అదే బాగుపడుతుందని ఆయన బోధ. రఘు నడుంనొప్పి నిజంగానే తగ్గింది. దాంతో మా ఇంటికి పాలప్యాకెట్ రావడం ఆగింది. మొలకలు, పండ్లు, ఉడికించిన కూరలు. ఒళ్లు తేలికైనట్టు నాకూ అనిపించింది. మొహం కళగా ఉందని స్నేహితులు అన్నారు. అట్లా రెండేళ్లు గడిచాయి.

కడుపుతో ఉన్నానని తెలిశాక అమ్మ జనగామ నుంచి బస్సెక్కి ఖాజాగూడలో మేం కిరాయికి ఉన్న ఫ్లాట్‌కు వచ్చింది. స్టీలు డబ్బా నిండా మేక కార్జం వేపుడు తెచ్చింది. కాన్పు దాకా ఆడదానికి కార్జం పెట్టకపోతే బిడ్డకు బలమెక్కడిదని మా వైపు పట్టింపు. రఘు డబ్బాను రెండు చేతులా అందుకున్నాడు. "అత్తయ్యా, మా ఇంట్లో ఇది వద్దు, ఏమనుకోవద్దు" అని మర్యాదగానే చెప్పి, కిందికి పోయి వాచ్‌మన్ ఇంట్లో ఇచ్చొచ్చాడు. అమ్మ వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పాలన్న తాగు బిడ్డా" అంది. తాగుతున్నానని చెప్పాను.

ఆ నెలల్లోనే ఒంట్లో ఏదో మొదలైంది. నాలుక ఎర్రగా పూసి మంచినీళ్లు తాగినా మండేది. అరికాళ్లు నావి కానట్టుండేవి, దూది మీద నడుస్తున్నట్టు. ఒకరోజు ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చేశాక సెక్యూరిటీలో పనిచేసే యాదమ్మ వెనకనుంచి వచ్చింది. చేతిలో నా చెప్పు.

"ఆడ ఇడిసిపెట్టి వస్తివి మేడం. సోయి లేదా?"

చెప్పు జారిన సంగతి నాకు తెలియనే లేదు. యాదమ్మ తన స్టూలు నావైపు జరిపి, నేను కూర్చున్నాక వంగి ఆ చెప్పు కాలికి తొడిగింది. వద్దన్నాను. "కడుపుతోటి ఉన్నోళ్లకు చేస్తే ఏమైతది" అంది.

మతిమరుపు కూడా వచ్చింది. పొద్దున రాసిన టెస్ట్ కేసు మధ్యాహ్నానికి ఎవరో రాసినట్టు ఉండేది. కారణం లేకుండా ఏడుపొచ్చేది. కడుపుతో ఉంటే ఇవన్నీ మామూలే అన్నారు అందరూ.

2011, సమ్మె రోజులు

మెహదీపట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గర చూపించుకునేవాళ్లం. పెద్దావిడ, నిక్కచ్చిగా మాట్లాడేది. నా నాలుక చూసి, కాళ్లు తట్టి చూసి, ఏం తింటున్నావని అడిగింది. చెప్పాను. ఆమె మొహం మారింది. రక్తపరీక్షలు రాసింది. ఆ రిపోర్టులు వచ్చేలోపు సకలజనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. మా అన్న కూడా బస్సు వదిలి డిపో ముందు టెంటులో కూర్చున్నాడు. మేం డాక్టర్ దగ్గరికి పోవాల్సిన రోజు బంద్. ఆటోలు లేవు. బైక్ మీద నేను కూర్చోలేను.

"నేను పోయి కనుక్కుని వస్తా, నువ్వు పడుకో" అన్నాడు రఘు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయని, రెండుచోట్ల ఆపి ఎక్కడికని అడిగారని, భార్య గర్భిణి అంటే వాళ్లే దారిచ్చారని చెప్పాడు.

"డాక్టరమ్మ ఏమంది?"

"అంతా నార్మల్. రక్తం కొంచెం తక్కువ, అది అందరికీ ఉండేదే అంది. ఖర్జూరాలు తినమంది."

కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, నా పక్కన కూర్చుని దానిమ్మకాయ ఒలిచాడు. గింజలు నా అరచేతిలో పోస్తూ కూర్చున్నాడు. ఆ ఎర్రటి గింజలు, బయట ఎక్కడో నినాదాలు, పక్కన రఘు. అదొక మంచి మధ్యాహ్నమని చాలాకాలం అనుకున్నాను.

తర్వాత వారం రఘే అన్నాడు, "ఈ బందుల్లో ప్రతిసారీ మెహదీపట్నం ఎట్లా పోతావు? కొండాపూర్‌లో మనవాళ్లకు తెలిసిన ప్రకృతి కాన్పుల ఆస్పత్రి ఉంది, దగ్గర." సబబుగానే తోచింది. మారాం. అక్కడ ఎవరూ నాలుక చూపించమనలేదు. బాగా నడవమన్నారు, ఊపిరి పీల్చి వదలమన్నారు.

అమ్మ ఫోన్ చేసి ఎట్లున్నవ్ బిడ్డా అంటే, "అంతా నార్మలే అమ్మా" అని చెప్పాను. రఘు నోటి మాట అట్లాగే తీసి అమ్మకిచ్చాను.

2012

సంక్రాంతి వెళ్లాక ఆద్య పుట్టింది. కాస్త చిన్నగా ఉంది కాని గట్టిగా ఏడ్చింది. మూడో నెలలో నవ్వింది. నాలుగో నెలలో నా గొంతు వినబడితే తల తిప్పేది, రఘు ఈల వేస్తే కాళ్లు కొట్టేది. ఆ నవ్వు ఫోన్‌లో తీసిన వీడియో ఒకటుంది. చాలా ఏళ్లు దాన్ని తెరవలేకపోయాను.

ఎండాకాలం పోయేసరికి నవ్వు తగ్గింది. ఎప్పుడు తగ్గిందో చెప్పమంటే చెప్పలేను. ఒకరోజు ఈల వేస్తే చూడలేదు. నిద్రేమో అనుకున్నాం. నిలిచిన తల మళ్లీ వాలడం మొదలైంది. వేళ్ల కణుపులు నల్లబడ్డాయి. జుట్టు పలచబడింది. రోజంతా పడుకునేది, లేచినా ఎటో చూసేది. బిడ్డ ఏడవకపోతే తల్లికి హాయి అంటారు కదా. ఏడవని బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ చూసుకునేదాన్ని.

"ఒంట్లోని మలినాలు బయటికి పోతున్నాయట. గురువుగారు అన్నారు, వారం ఓపిక పట్టమని," అన్నాడు రఘు.

ఒక వారం పట్టాను. ఇంకో వారం కూడా పట్టాను. అప్పటికి నాకే మెట్లెక్కితే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఒక ఉదయం పాపకు స్నానం చేయిస్తుంటే కింది పెదవి, గడ్డం అదిరాయి. చలికి వణికినట్టు, చలి లేకుండానే. రఘు ఆఫీసుకు వెళ్లాక పాపను చీరలో చుట్టుకుని, ఆటో పిలిచి, మెహదీపట్నం పొమ్మన్నాను. ఆయనకు ఫోన్ చేయలేదు. ఎందుకు చేయలేదో అప్పుడు నాకు తెలియదు.

ఆస్పత్రిలో కూర్చునే చోట జనం కిటకిటలాడుతున్నారు. నా పక్కన ఒక ముసలమ్మ, బురఖా మీదికి తోసుకుని విసనకర్రతో విసురుకుంటోంది. మనవరాలికి నెలలు నిండాయట. నా కాళ్లు వణకడం చూసి పాపకోసం చేతులు చాచింది.

"ఇటియ్యి బేటీ. నువ్వు పోయి ఛాయ్ తాగిరా. పరేషాన్ గాకు, నేనేడికి పోను."

ఇచ్చాను. ముందూ వెనకా తెలియని మనిషికి. మెట్లకింద ఛాయ్ తాగాను. పాలతో చేసిన ఛాయ్, ఎన్నేళ్ల తర్వాతో. తిరిగొస్తే ఆమె పాప తల తన మోచేతి మడతలో ఆనించుకుని, చెవిలో ఏదో పాడుతోంది. పాప కళ్లు తెరిచి ఉన్నాయి.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. పాపను బల్లమీద పడుకోబెట్టి చూసింది. నా నాలుక చూసింది. తర్వాత అడిగింది.

"ఇంజెక్షన్లు ఎక్కడ చేయించుకున్నావు?"

"ఏ ఇంజెక్షన్లు మేడం?"

"నీకు బి-ట్వెల్వ్ అసలు లేదని చెప్పాను కదమ్మా. మీ ఆయనొచ్చాడు, సమ్మె రోజుల్లో. ఆ రోజు నా దగ్గర పేషెంట్లే లేరు, అన్ని రోడ్లూ మూసినా వచ్చాడే అని మెచ్చుకున్నాను. కూర్చోబెట్టి చెప్పాను. ఇది బిడ్డ మెదడుకు సంబంధించింది, ఆలస్యం చేయొద్దన్నాను. వెంటనే తీసుకొస్తానన్నాడు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. నా చేతికి బల్ల తగలడం సరిగ్గా తెలియడం లేదు, ఆ జబ్బు వల్లే. ఖర్జూరాలు తినమన్నారట కదా అన్నాను. ఆమె నావైపు అట్లాగే చూసింది.

"మరి నాకెందుకు ఫోన్ చేయలేదు మేడం మీరు? ఒళ్లు నాది కదా?"

ఆమె అద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"చేయాల్సింది. భర్తకు చెబితే భార్యకు చెప్పినట్టే అనుకున్నాను. తప్పమ్మా అది."

ఆ ఒక్క మాటకు ఆమెను నేను క్షమించాను. ఆ రోజే మా ఇద్దరికీ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పాపను చేర్చుకున్నారు. పాప తిరిగి మామూలు మనిషవుతుందా అని అడిగితే, "చురుకుదనం తొందర్లోనే వస్తుంది. నేర్చుకోవడం సంగతి ఇప్పుడు చెప్పలేను. పోయిన నెలలు మెదడు పెరిగే నెలలు," అంది.

రఘు సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. వరండాలో నిలబడ్డాం. అరవలేదు నేను.

"డాక్టరమ్మ నీకేం చెప్పింది, సమ్మెప్పుడు?"

అతనికి అర్థమైంది. తల దించుకున్నాడు.

"నువ్వు భయపడతావని..."

"ఏం చెప్పింది?"

"ఇంజెక్షన్లు కావాలంది. గుడ్లు, పాలు తీసుకోమంది. ఇంట్లో ఇవన్నీ మొదలయ్యాయని అమ్మకు తెలిస్తే ఒప్పుకోదు స్వరూపా. గొడవలెందుకని. గురువుగారిని అడిగితే ఒంటికి తనే తయారుచేసుకునే శక్తి ఉందన్నారు. నేను మంచికే అనుకున్నా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే నువ్వు వినవని," అన్నాడు.

అదే నిజం. చెబితే నేను సూదిమందు వేయించుకుంటాను. అందుకే చెప్పలేదు.

పాప వారంలోపే నా మొహంలోకి చూసింది. తర్వాత కొన్నాళ్లకు నవ్వింది. ఆ పక్క మంచాల మీద ఉన్న తల్లులు కూడా వచ్చి చూసిపోయారు ఆ నవ్వును. నా నాలుక మంట పోయింది, అరికాళ్లకు నేల తెలియడం మొదలైంది. చన్నీళ్లు పడితే చల్లగా ఉందని తెలిసి ఒకరోజు స్నానాలగదిలో నిలబడి ఏడ్చాను.

మా అత్తయ్య ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. వంటింట్లో ఆమె, నేను ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. మీకు కష్టమవుతుందనే కదా అత్తయ్యా ఇదంతా, అని. నా గొంతులో కోపం ఉంది. ఆమె కూరగాయల కత్తి కింద పెట్టింది.

"నాకా? ఎవురు జెప్పినారు నీకు?"

చెప్పాను.

"నన్నొక మాట అడిగింటే కదమ్మా. మా చెల్లెలికి కాన్పప్పుడు రక్తం లేదంటే మా నాయినే గుడ్లు తెప్పిచ్చి, వెనక కొట్టంలో వేరే పొయ్యి పెట్టి ఉడకబెట్టిచ్చినాడు. ప్రాణం కంటే మడి ఎక్కువా? నేనే ఉడకబెట్టిచ్చిందును నీకు. పాలకైతే నాకేం అడ్డం? మా ఇంట్లో బర్రెల పాడి."

ఆమె అప్పుడే లేచి కొడుకు గదిలోకి పోయింది. తలుపు వేసుకోలేదు. "నా పేరు చెప్పి దాని నోరు కట్టేస్తివా రా" అనడం నాకు వినబడింది. తర్వాత మాటలు తగ్గాయి. తర్వాత రఘు ఏడుపు.

అతని నోటినుంచి అసలు సంగతి ఆ రోజే వచ్చింది. సమ్మెకు ముందే ఒక ఆదివారం రఘు హాల్లో అందరిముందు లేచి నిలబడి నా గురించి చెప్పాడట. నా భార్య గర్భిణి, ఒక్క మాత్ర ముట్టలేదు, ఎంత ఆరోగ్యంగా ఉందో చూడండి, అని. అందరూ చప్పట్లు కొట్టారట. గురువుగారు నా సంగతి ప్రతి తరగతిలో చెప్పడం మొదలుపెట్టారట. ఆ తర్వాత డాక్టరమ్మ మాట వచ్చింది. ఏ మొహంతో వెళ్లి ఆ హాల్లో చెబుతాడు? నా కడుపు అక్కడ ఒక రుజువైపోయింది. రుజువుకు జబ్బు చేయకూడదు.

భయపడి దాచాడంటే ఓర్చుకునేదాన్నేమో. తల్లికి జంకాడన్నా కొంత అర్థం చేసుకునేదాన్ని. చప్పట్ల కోసం దాచాడు.

నెలలపాటు మా వాళ్లకు ఈ సంగతి చెప్పలేదు నేను. సిగ్గు కాదు. చెబితే రఘు తప్పు రఘుది కాకుండా పోతుందని భయం. ఆ రోజుల్లో మా ఊళ్లో ఏ మాటైనా 'ఆంధ్రోళ్లు' అనే మాటతో ముగిసేది. నా పాప తల వాలిపోవడం ఎవరి ఉపన్యాసానికీ పనికిరాకూడదు అనుకున్నాను. నా కడుపు అప్పటికే ఒకసారి ఆ హాల్లో పనికొచ్చింది.

చివరికి అమ్మకు చెప్పాను, అమ్మ అన్నకు చెప్పింది. అన్న డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. నాతో మాట్లాడి ఏడాది దాటింది. రఘు తలుపు తీసి పక్కకు జరిగి నిలబడ్డాడు. అన్న అతన్ని కొడతాడనుకున్నాను. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, పాపను ఎత్తుకున్నాడు. భుజంమీద వేసుకుని బాల్కనీలో అటూ ఇటూ తిరిగాడు.

"నువ్వు అప్పుడే చెప్పినవ్ కదన్నా, జర జూస్కో అని," అన్నాను.

"నేను జెప్పింది ఇది గాదు చెల్లె. ఇది ఏ ప్రాంతపోడైనా చేస్తడు. నువ్వు తిన్నవా ముందు?"

2014, ఆ తర్వాత

ఆద్య రెండేళ్లు దగ్గరపడ్డాక నడిచింది. మాటలు ఇంకా ఆలస్యం. రాష్ట్రం వచ్చిన రోజు ఖాజాగూడలో డప్పులు మోగాయి, మా వీధిలో పిల్లలు మొహాలకు గులాల్ పూసుకుని తిరిగారు. అన్న మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. పాప డప్పుల వైపు చెయ్యి చూపించి, అన్న మీసం పట్టుకుని లాగి, "మామ" అంది. అప్పటికి దానికి వచ్చినవి గుప్పెడు మాటలు, అందులో ఇదొకటి కొత్తగా చేరింది. అన్న మిఠాయి నోట్లో పెట్టుకుని నమలలేక గోడవైపు తిరిగాడు.

ఆ ఏడే నేను పాపను తీసుకుని తెల్లాపూర్‌లో వేరే ఇంట్లోకి మారాను. అమ్మ వచ్చి నాతో ఉంటోంది. విడాకులు తీసుకోలేదు. కలిసి ఉండలేదు. రఘు ఆ తరగతులు మానేశాడు. ఆ హాలుకు వెళ్లి నిజం చెప్పి రమ్మని అడిగాను. వెళ్లాడు. చెబుతుంటే మధ్యలోనే ఆపి, నీ శ్రద్ధలో లోపం ఉందన్నారట. చప్పట్లు కొట్టిన స్నేహితులు ఎవరూ ఫోన్ ఎత్తడం లేదని నాతో చెప్పాడు. విన్నాను. ఓదార్చలేదు.

మాటలు నేర్పే థెరపీకి ప్రతి శనివారం పాపను అతనే తీసుకెళ్తాడు, ఒక్కసారి కూడా మానలేదు. ఇంట్లో చేయించాల్సిన అభ్యాసాలు నాకంటే బాగా చేయిస్తాడు. మంచి తండ్రి అంటుంది అమ్మ. అవును. కాని డాక్టర్ గదిలోకి అతను ఒంటరిగా వెళ్లడు. నేనొచ్చేదాకా బయట బెంచీమీద కూర్చుంటాడు. ఇది నేను పెట్టిన షరతు.

ఆద్య ఇంత నిదానంగా చదవడానికి మొత్తం కారణం ఆ నెలలేనా అని ఈ మధ్య డాక్టరమ్మను మళ్లీ అడిగాను. అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరంది. కొందరు పిల్లలు పూర్తిగా అందుకుంటారట, కొందరు కొంచెం వెనకే ఉంటారట. కడుపులో ఉండగానే ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదేమో అంది. ఆ 'ఏమో' దగ్గరే నేను బతుకుతున్నాను.

ఇది చదివేవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లుంటే ఒకటే చెబుతాను. మాంసం తినండని కాదు నేను చెప్పేది. మా అత్తయ్య పుట్టినప్పటినుంచీ ముట్టలేదు, పాలూ పెరుగుతో ఆమె నాకంటే గట్టిగా ఉంది. ఏది తినకపోయినా, ఆ లోటు ఎట్లా పూడ్చుకోవాలో అడగండి. మీ రక్తం గురించి డాక్టర్ చెప్పే మాట మీ చెవులతో వినండి. బంద్ అయితే ఫోన్‌లో వినండి. ఎంత ప్రేమగా దానిమ్మ ఒలిచిపెట్టే మనిషైనా సరే, ఆ మాట మోసుకొచ్చే పని అతనికి వదలకండి.

పోయిన నెల ముగ్గురం మెట్రోలో రాయదుర్గం వచ్చాం. పాపకు మెట్రో అంటే ఇష్టం, రఘు టికెట్లు కొన్నాడు. దిగగానే ఆద్య బోర్డు ముందు ఆగిపోయింది. వేలు ఎత్తి, గాలిలోనే అక్షరం కింద అక్షరం పెడుతూ చదవడం మొదలుపెట్టింది. రా. య. దు. అక్కడ ఆగింది. ఒత్తు చూసి పెదవులు కదిలించింది. జనం మాకు రెండు వైపులా నడిచిపోతున్నారు. రైలు ఖాళీ అయింది.

"రాయదుర్..." అని రఘు అందించబోయాడు.

"చెప్పకు," అన్నాను.

అతను నావైపు చూశాడు. ఆ ఒక్క మాటకు అతని మొహం ఎట్లా అయిందో చూశాను. ఇంతకాలం గడిచాక కూడా నా నోట్లో ఆ మాట అతనికి ఇంకోలా వినబడుతుంది. వినబడనీ అనుకున్నాను.

అది చివరి స్టేషన్. తరిమేవాళ్లెవరూ లేరు. మేమిద్దరం పాపకు చెరోపక్కా, ఒకరినొకరు చూసుకోకుండా నిలబడ్డాం. ఆద్య మళ్లీ మొదటి అక్షరం దగ్గరికి వచ్చి, నిదానంగా, చివరిదాకా తనే చదివింది.